నరం మొలిచేలోగా మనిషి మిగలాలి

"డాక్టరుగారూ, తెగిన వెన్నుపాము మళ్ళీ అతుక్కుంటుందా?"

నా వృత్తిజీవితంలో సమాధానం చెప్పడానికి నేను ఎక్కువగా భయపడిన ప్రశ్న ఇది. అడిగేవారు సాధారణంగా రోగి తండ్రో, భార్యో అయివుంటారు. ఆసుపత్రి వరండాలో, మంచం మీది మనిషికి వినబడనంత దూరంలో నిలబడి అడుగుతారు. ఈ ప్రశ్నకు నేటి శాస్త్రం చెప్పగల నిజాయితీగల సమాధానం ఒక్కటే: ఇప్పటికి లేదు. ప్రయోగశాలలలో ఆశాజనకమైన పని జరుగుతున్నది. కాని పూర్తిగా దెబ్బతిన్న మనిషి వెన్నుపామును తిరిగి మొలిపించి, పోయిన నడకను తెచ్చిపెట్టగలదని రుజువైన మందు గాని, కణం గాని, శస్త్రచికిత్స గాని నేటికి లేదు.

ఈ వాక్యానికి ఇద్దరు శత్రువులున్నారు. 'ఉంది, మా దగ్గరే ఉంది, డబ్బు తీసుకురండి' అనేవారు మొదటి శత్రువు. 'ఏమీ లేదు, ఇంటికి తీసుకుపోండి' అనేవారు రెండవ శత్రువు. మొదటివారిని అందరూ తిడతారు. రెండవవారిలో నేనూ ఉన్నాను గనుక, ఈ వ్యాసంలో ఇద్దరితోనూ తగవు పెట్టుకుంటున్నాను.

చాలా ఏళ్ళ క్రితం ఒక గీత కార్మికుడిని మా దగ్గరకు తెచ్చారు. మోకు జారి తాటిచెట్టు మీదనుంచి పడ్డాడు. చుట్టుపక్కల పొలాలవారు పరుగెత్తుకొచ్చి, కాళ్ళూ చేతులూ పట్టి లేపి, ఆటోలో కూర్చోబెట్టి తీసుకువచ్చారు. మంచి మనసుతోనే చేశారు. విరిగిన వెన్నుపూసలో ఆ కుదుపుకు ఇంకెంత నష్టం జరిగిందో చెప్పగలవారు లేరు. నడుము కింద చలనం లేదు, స్పర్శ లేదు. వెన్నుపూసలకు మరలు బిగించి నిలబెట్టాము. ఎక్స్‌రే చక్కగా వచ్చింది. కొన్నాళ్ళకు ఇంటికి పంపాము.

ఆ కుటుంబం ఉన్న కొద్దిపాటి భూమినీ అమ్మి, ఒక నగరంలో మూడు విడతలుగా 'మూలకణాల' ఇంజెక్షన్లు వేయించింది. మళ్ళీ నేను ఆయనను చూసేసరికి పిరుదుల నడుమ ఎముక కనిపించేంత లోతైన పుండు ఉంది, మూత్రపిండాలకు చీము పట్టింది. ఆయన వెన్నుపాము తెగినందువల్ల చనిపోలేదు. పడకపుండు వల్ల, మూత్రంలోని ఇన్ఫెక్షను రక్తంలోకి పాకడం వల్ల చనిపోయాడు. ఆయన భార్య నన్ను నిందించలేదు. "కాళ్ళు రాకపోతే రాకపాయె సారూ, గీ పుండు అయితదని ముందుగాల ఒక్కలన్న చెప్పకపోతిరి" అన్నది.

ఈ వ్యాసం ఆ మాటకు నేను ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ఎందుకు మొలవదు?

ముందు శరీరం సంగతి చూద్దాం. వెన్నుపాము మన చిటికెనవేలి మందాన, సుమారు 45 సెంటీమీటర్ల పొడవున ఉంటుంది. లక్షలాది నాడీతంతువులు అందులో ఇరుకుగా సర్దుకుని, మెదడు ఆజ్ఞలను కిందికీ, శరీరపు కబుర్లను పైకీ చేరవేస్తుంటాయి.

చేతిలో ఒక నరం తెగితే, శస్త్రవైద్యుడు కొసలు కలిపి కుడితే, ఆ తంతువులు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్ళీ పెరుగుతాయి. అక్కడ ష్వాన్ కణాలనేవి శిథిలాలను ఊడ్చి, పెరిగే కొసకు దారి చూపిస్తాయి. వెన్నుపాములో ఆ ఏర్పాటు లేదు. దెబ్బ తగిలిన క్షణాన జరిగే నష్టం ఒకటైతే, ఆ తరువాత గంటలలో, రోజులలో రక్తస్రావం, వాపు, కణాల మరణం వల్ల జరిగే నష్టం మరొకటి. అక్కడి మయలిన్ తొడుగుల శిథిలాలలో పెరుగుదలను ఆపే పదార్థాలు ఉంటాయి. చుట్టూ మచ్చ కడుతుంది. ఆ మచ్చ పూర్తిగా శత్రువు కాదు, నష్టం పక్కకు పాకకుండా అది గోడలా నిలుస్తుంది. కాని ఆ గోడే పెరిగే కొసకూ అడ్డమవుతుంది. చాలామందిలో లోపల నీటితిత్తి వంటి ఖాళీ మిగులుతుంది. పైగా వయసు వచ్చిన నాడీకణం, గర్భస్థ దశలో తనకున్న పెరిగే శక్తిని చాలావరకు కోల్పోయి ఉంటుంది. ఇన్ని దాటి తంతువు పెరిగినా, సరైన కణాన్ని వెతుక్కుని చేరాలి, కొత్త తొడుగు తొడుక్కోవాలి, పనిచేయడం నేర్చుకోవాలి.

ఒక్క ఇంజెక్షనుతో ఇవన్నీ జరిగిపోతాయని ఎవరైనా అంటే, ఈ మెట్లలో తన మందు ఏ మెట్టు మీద పనిచేస్తుందో చెప్పమని అడగండి.

పరిశోధకుల మార్గం

స్పెయిన్ శాస్త్రవేత్త శాంటియాగో రమోన్ ఇ కహాల్ 1906లో నోబెల్ బహుమతి పొందినవాడు. పెద్దవారి మెదడులో, వెన్నుపాములో నాడీమార్గాలు తిరిగి పుట్టవన్నది ఆయన సూక్ష్మదర్శిని కింద చూసి చెప్పిన తీర్పు. ఆ కఠినమైన తీర్పును మార్చే పని భవిష్యత్తు శాస్త్రానిదని కూడా ఆయనే అన్నాడు. మన వైద్యవిద్యలో మొదటి భాగాన్ని కంఠస్థం చేయించారు, రెండవ భాగాన్ని వదిలేశారు.

1981లో కెనడాలోని మాంట్రియల్‌లో శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో ఎలుకలలో ఒక ప్రయోగం చేశారు. కాలి నరం ముక్కను మెదడు కింది భాగానికీ వెన్నుపాముకూ మధ్య వంతెనలా అతికించారు. ఎన్నడూ పెరగవనుకున్న తంతువులు ఆ వంతెనలో సుమారు 3 సెంటీమీటర్లు పెరిగాయి. లోపం విత్తనంలోనే కాదు, నేలలోనూ ఉన్నదని తేలింది. వంతెన చివర వెన్నుపాములోకి తిరిగి ప్రవేశించగానే అవే తంతువులు ఆగిపోయాయి.

ఆ నేలలో ఏముందో వెతికినవాడు జూరిక్‌కు చెందిన మార్టిన్ ష్వాబ్. మయలిన్‌లోని నిరోధక పదార్థాన్ని అడ్డుకునే ప్రతిరక్షకాన్ని ఇస్తే ఎలుకలలో తంతువులు పెరుగుతాయని ఆయన బృందం 1990లో చూపించింది. 2000 నాటికి ఆ ప్రోటీను జన్యువు దొరికింది. దానికి 'నోగో' అని పేరు. 2002లో బ్రిటన్ పరిశోధకులు మచ్చలోని చక్కెర గొలుసులను కరిగించే ఒక ఎంజైముతో ఎలుకలలో కొంత చలనం తిరిగి వచ్చిందని ప్రకటించారు.

ఇక మనుషుల సంగతి. నోగోను అడ్డుకునే ప్రతిరక్షకాన్ని, మెడ దగ్గర వెన్నుపాము కొత్తగా దెబ్బతిన్నవారికి ఇచ్చి ఐరోపాలో పరీక్షించారు. ఫలితాలు 2024లో వెలువడ్డాయి. మందు తీసుకున్నవారికీ, ఉత్తుత్తి మందు తీసుకున్నవారికీ ప్రధానమైన కొలతలో మొత్తం మీద తేడా కనిపించలేదు. వెన్నుపాము పూర్తిగా దెబ్బతినని కొందరిలో మాత్రం మేలు సూచన కనిపించింది. జపాన్‌లోని కేయో విశ్వవిద్యాలయంలో ప్రేరిత మూలకణాల నుంచి తయారుచేసిన నాడీకణాలను నలుగురికి అమర్చారు. ఇద్దరిలో చలనం మెరుగుపడిందని 2025లో ప్రకటించారు. నలుగురు మాత్రమే, పోల్చి చూడడానికి మరో వర్గం లేదు. పరిశోధకులే దీనిని తొలి అడుగు అంటున్నారు.

మరొక మార్గం విద్యుత్ ప్రేరణ. 2018లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో, వెన్నుపాము మీద అమర్చిన పరికరం సాయంతో ముగ్గురు అడుగులు వేయగలిగారు. చర్మం మీదనుంచి ప్రేరేపించే పరికరానికి, చేతుల పని మెరుగుపరచడం కోసం, 2024 డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది. ఇవి నరాలను మొలిపించవు, మిగిలివున్న తంతువులను మేలుకొలుపుతాయి. కఠినమైన వ్యాయామశిక్షణ లేకుండా అవీ పనిచేయవు.

ష్వాబ్ ఎలుకల ప్రయోగానికీ, మనుషుల పరీక్ష ఫలితానికీ మధ్య 34 ఏళ్ళు గడిచాయి. 34 ఏళ్ళ తరువాత కూడా వారు 'ప్రధాన కొలతలో తేడా లేదు' అని ప్రకటించారు. నిజమైన శాస్త్రాన్ని గుర్తుపట్టడానికి ఇంతకన్న మంచి ఆనవాలు లేదు. ఓటమిని అది ప్రచురిస్తుంది. ఇంజెక్షన్ల అంగళ్ళు ఏనాడైనా ఒక్క ఓటమినైనా ప్రకటించాయేమో వెతకండి.

ఆశను అమ్మే అంగళ్ళు

ఈ వ్యాపారం ఒక ప్రకృతిసూత్రం మీద బతుకుతున్నది. వెన్నుపాము దెబ్బ తరువాత మొదటి ఆరు నెలలలో, ఒక ఏడాదిలో చాలామందికి ఏ మందూ లేకుండానే కొంత శక్తి తిరిగి వస్తుంది. మెడ దగ్గర పూర్తిగా దెబ్బతిన్నవారిలో కూడా చాలామందికి ఒక మెట్టు కిందివరకు కండరాలు బలపడతాయి. అసంపూర్ణంగా దెబ్బతిన్నవారిలో అయితే కొందరు లేచి నడుస్తారు. ఈ వ్యవధిలో ఎవరు ఏ సూది వేసినా, ఏ తైలం రాసినా, కీర్తి ఆ సూదికీ తైలానికీ దక్కుతుంది. కాకి వాలడం, తాటిపండు రాలడం అన్నమాట. అందుకే పోల్చి చూసే వర్గం లేని పరీక్షను నమ్మవద్దంటాము. జపాన్ ప్రభుత్వం 2018లో కేవలం 13 మంది ఫలితాలతో, పోలిక వర్గం లేకుండా, ఒక మూలకణ చికిత్సకు షరతులతో అనుమతి ఇచ్చినప్పుడు ప్రపంచ శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పింది ఇందుకే.

"మేలు జరగకపోతే పోనీ, కీడేముంది?" అని మీరు అడగవచ్చు. కీడు ఉంది. ముక్కు లోపలి పొర కణాలను వెన్నుపాములో అమర్చుకున్న ఒక యువతికి, ఎనిమిదేళ్ళ తరువాత అక్కడ చీమిడి వంటి జిగురు ఊరే గడ్డ ఏర్పడిందని 2014లో వైద్యపత్రికలో వచ్చింది. పక్షవాతానికి దేశదేశాలు తిరిగి మూలకణాలు ఎక్కించుకున్న మరొక వ్యక్తి వెన్నులో, తనవి కాని కణాల గడ్డ పెరిగిందని 2016లో నమోదయింది. ఇవి శరీరానికి జరిగే కీడు. భూమి పోవడం, పుస్తెలు తాకట్టుకు పోవడం ఇంటికి జరిగే కీడు. మూడవది ఎవరూ చెప్పరు. ఒకసారి ఇటువంటి కణాలు ఎక్కించుకున్నవారిని, రేపు నిజమైన పరీక్ష వచ్చినప్పుడు, చాలా చోట్ల చేర్చుకోరు. ఆశ పేరిట అమ్మింది ఆ ఆశనే మింగేస్తుంది.

మన దేశంలో నిబంధన స్పష్టంగానే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి, జీవసాంకేతిక విభాగం కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్తసంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప, మిగిలిన జబ్బులకు మూలకణాలను అనుమతి పొందిన పరీక్షలలో మాత్రమే వాడాలి. మామూలు చికిత్సగా అమ్మరాదు. కాబట్టి ఎవరైనా మిమ్మల్ని పిలిస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ పరీక్ష మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదయిందా, నమోదు సంఖ్య ఎంత? పరీక్ష అయితే నా దగ్గర డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు? చికిత్స పొందనివారితో పోల్చి చూస్తున్నారా? కీడు జరిగితే బాధ్యత ఎవరిది, రాసి ఇస్తారా? ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకునే చోటునుంచి లేచి వచ్చేయండి.

మా తప్పు

ఇప్పుడు మా వంతు. ఆ అంగళ్ళకు రోగులను పంపింది మేమే. చీటీ రాసి కాదు, మౌనంతో పంపాము.

1990లో అమెరికాలో ఒక పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. దెబ్బ తగిలిన 8 గంటల లోపల మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను భారీ మోతాదులో ఇస్తే మేలని దాని సారాంశం. ప్రపంచమంతటా ఇచ్చారు. నేనూ ఏళ్ళ తరబడి ఇచ్చాను. ఆ మేలు స్వల్పమనీ, విశ్లేషణలో లోపాలున్నాయనీ, ఇన్ఫెక్షన్లు, కడుపులో రక్తస్రావం వంటి కీడు ఉందనీ తరువాత విమర్శలు వచ్చాయి. 2013లో అమెరికా నాడీశస్త్రవైద్యుల సంఘాలు దానిని వాడవద్దని సిఫారసు చేశాయి. ఒక సూదితో ఏదో చేశామన్న తృప్తి మాకూ కావలసివచ్చింది. రోగి బంధువులను మాత్రం అమాయకులన్నాము.

ఇంతకన్న పెద్ద తప్పు మరొకటి. మరలు బిగించి, 'ఇక అంతే' అని ఇంటికి పంపడం. ఆ రెండు మాటలు శాస్త్రం కాదు, అలసత్వం. నిరాశను మేము ఉచితంగా పంచాము గనుకనే ఆశకు బజారులో అంత ధర పలికింది.

'ఇక అంతే' కాదని 1944లోనే రుజువయింది. నాజీ జర్మనీ నుంచి పారిపోయి ఇంగ్లండు చేరిన లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు, స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల విభాగం ప్రారంభించాడు. అంతకు ముందు అటువంటివారిలో అత్యధికులు కొద్దికాలంలోనే పడకపుండ్లతో, మూత్ర ఇన్ఫెక్షన్లతో చనిపోయేవారు. గుట్‌మన్ కొత్త మందు కనిపెట్టలేదు. రాత్రింబవళ్ళు రెండు గంటలకొకసారి రోగులను పక్కకు తిప్పించాడు, మూత్రాశయాన్ని శుభ్రంగా ఖాళీ చేయించాడు, పని నేర్పాడు, ఆటలు ఆడించాడు. 1948లో ఆయన మొదలుపెట్టిన ఆటల పోటీలే నేటి పారాలింపిక్స్‌కు మూలం. ఒక్క తంతువైనా మొలవలేదు, మనుషులు మాత్రం బతికారు.

మన దేశంలోనూ ఉదాహరణలున్నాయి. 1954లో రోడ్డు ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్, చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. వెల్లూరులో పునరావాస వైద్యానికి పునాది వేసింది. 1965లో ఎవరెస్టు ఎక్కి, అదే ఏడాది యుద్ధంలో వెన్నుకు తూటా తగిలిన మేజర్ అహ్లూవాలియా, ఢిల్లీలో వెన్నుపాము గాయాల ఆసుపత్రిని స్థాపించాడు.

దీనికి మరో వైపు కూడా చూడండి. వెండితెర మీద సూపర్‌మాన్‌గా వెలిగిన క్రిస్టొఫర్ రీవ్ 1995లో గుర్రం మీదనుంచి పడి మెడ కింద చచ్చుబడ్డాడు. నరాల పునరుత్పత్తి పరిశోధనకు ఆయన చేసినంత ప్రచారం, సమకూర్చినంత ధనం మరే రోగీ చేసివుండడు. 2004లో ఆయన చనిపోయాడు. ఆనాటికి ఆయన చికిత్స పొందుతున్నది చీము పట్టిన పడకపుండుకు. అంత వైభవం, అంత వైద్యం అందుబాటులో ఉన్న మనిషినే ఆ పుండు వదలలేదు. మన పల్లెలో నులకమంచం మీద ఉన్నవాడిని వదులుతుందా?

ఇక చేయవలసింది

పరిశోధన సాగాలి. దానికి డబ్బు కావాలి, ఓపిక కావాలి. కాని ఆ నరం మొలిచే రోజు వచ్చేసరికి దానిని అందుకునే మనిషి మిగిలి ఉండాలి. చర్మం చెక్కుచెదరక, మూత్రపిండాలు చెడక, కీళ్ళు బిగుసుకోక ఉండాలి. నేటి సంరక్షణ రేపటి చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు, దానికి చేరే దారి.

కాబట్టి ఎత్తునుంచి పడినవారిని, వాహనప్రమాదంలో గాయపడినవారిని కాళ్ళూ చేతులూ పట్టి లేపవద్దు, కూర్చోబెట్టవద్దు. మెడ, నడుము ఒకే వరుసలో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేయండి. ఇంట్లో రోగి ఉంటే, మంచం మీద రెండు గంటలకొకసారి పక్క మార్చండి. కుర్చీలో ఉంటే పావుగంటకో అరగంటకో ఒకసారి బరువు ఒకవైపునుంచి మరోవైపుకు మార్పించండి. పిరుదులను, మడమలను, తుంటి పక్కలను రోజూ వెలుతురులో చూడండి. ఎర్రబడిన చోటు నొక్కినా తెల్లబడకపోతే అదే పుండుకు తొలి హెచ్చరిక. గొట్టాన్ని శాశ్వతంగా వదిలేయకుండా, వీలైనవారికి కొన్ని గంటలకొకసారి శుభ్రంగా మూత్రం తీసే పద్ధతిని నేర్పమని వైద్యుణ్ణి అడగండి. ఆ పద్ధతి 1972 నుంచి లోకానికి తెలుసు. ఛాతీ పైభాగంలోగాని మెడలోగాని దెబ్బ తగిలినవారికి హఠాత్తుగా తీవ్రమైన తలనొప్పి, చెమటలు వస్తే వెంటనే లేపి కూర్చోబెట్టి, గొట్టం మూసుకుపోయిందేమో చూడండి. రక్తపోటు ప్రాణాంతకంగా పెరుగుతుండవచ్చు. ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చండి.

పాలకులకూ ఒక మాట. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకు కాటమయ్య పేరుతో రక్షణ పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. పడకుండా ఆపే తాడు ఏ మూలకణం కన్నా గొప్ప మందు. కాని పడిపోయినవాడి మాటేమిటి? శస్త్రచికిత్సకు చెల్లించే బీమా పథకాలు, ఆ తరువాతి నెలల పునరావాసానికి కూడా చెల్లించాలి. ప్రతి జిల్లాలో వెన్నుపాము గాయాల పునరావాస విభాగం ఉండాలి. వైద్యుడు రోగిని ఇంటికి పంపే ముందు, పక్క మార్చడం, మూత్రం తీయడం కుటుంబానికి నేర్పినట్టు కాగితం మీద సంతకం చేయాలి. నేర్పకుండా పంపడాన్ని వైద్యలోపంగా లెక్కించాలి.

వరండాలో నిలబడిన ఆ తండ్రికి, ఆ భార్యకు నేను ఇప్పుడైతే ఇలా చెబుతాను. "తెగిన వెన్నుపామును అతికించే విద్య ఇప్పటికి మా చేతిలో లేదు. దానికోసం మంచివాళ్ళు పనిచేస్తున్నారు. అది వచ్చినట్టు ఎవరు చెప్పినా నా దగ్గరకు రండి, ఇద్దరం కలిసి చదువుదాం. భూమి అమ్మవద్దు. ఇప్పుడు లోపలికి రండి, పక్క ఎలా మార్చాలో చూపిస్తాను."

చివరి వాక్యాన్ని ఆ రోజు నేను చెప్పలేదు. మీకు తెలిసిన ఇంట్లో ఇటువంటి మంచం ఒకటి ఉంటే, ఈ రోజే వెళ్ళి ఆ మనిషి వీపు చూడండి.